జీడీపీలో బ్యాంకు అప్పు ఎంత శాతం? మనమే లెక్కేసుకుని చదవడం ఎలా

"చైనాలో ప్రైవేటు రంగానికి బ్యాంకులిచ్చిన అప్పు జీడీపీలో 180 శాతం పైమాటే, మన దగ్గర 50 శాతం దగ్గరే తచ్చాడుతోంది, కాబట్టి మన బ్యాంకులు ఇంకా మూడింతలు అప్పులిచ్చినా ఏం కాదు." ఇలాంటి మాట మీకు ఏ వాట్సాప్ గ్రూపులోనో, ఏ వీడియోలోనో తగిలే ఉంటుంది. దీన్ని తిరగేసిన మాట కూడా అంతే జోరుగా తిరుగుతుంది: "జనం అప్పుల్లో మునిగిపోయారు, శాతం ఎలా పెరిగిందో చూడండి" అని. రెండు చోట్లా అంకె నిజమే అయ్యుండొచ్చు, తేడా అంతా చదవడంలో వస్తుంది. అందుకే ఈ శాతం ఎక్కడ దొరుకుతుంది, సొంతంగా ఎలా లెక్కేసుకోవాలి, పెరిగినా తగ్గినా ముందు దేన్ని అనుమానించాలి అనేది ఇక్కడ రాస్తున్నాను. ఎకనమిక్స్ చదివి ఉండక్కర్లేదు, భాగహారం తెలిస్తే చాలు.

లెక్క చాలా చిన్నది. పైన లవంలో, ఒక తేదీ నాటికి కంపెనీలూ, వ్యాపారులూ, రైతులూ, కుటుంబాలూ బ్యాంకులకు కట్టాల్సి ఉన్న మొత్తం బకాయి. కింద హారంలో, ఆ ఏడాది దేశం జీడీపీ. నూటితో గుణిస్తే శాతం. ఇక్కడే చాలామంది తడబడే విషయం ఒకటుంది. పైనున్నది ఏళ్ల తరబడి పేరుకున్న బకాయి, కిందున్నది ఒక్క ఏడాదిలో వచ్చిన ఉత్పత్తి విలువ. ఏడాదికి ఆరు లక్షల జీతం ఉన్న మనిషికి ముప్పై లక్షల హోమ్ లోన్ బకాయి ఉంటే అతని శాతం 500, అయినా అతను దివాలా తీసినట్టు ఎవరూ అనరు, ఎందుకంటే ఇరవయ్యేళ్లలో కట్టేది. దేశానికీ అంతే. 100 శాతం దాటగానే సంపాదనంతా అప్పుకే పోతోందని అర్థం చేసుకోకండి.

ముందు ఏ అంకె కావాలో తేల్చుకోండి

దేశాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే ప్రపంచ బ్యాంకు డేటా సైటే సులువు. అక్కడ వెతికితే పేర్లు దాదాపు ఒకేలా ఉన్న రెండు వరుసలు కనిపిస్తాయి, మనవాళ్లు సగం పొరపాట్లు ఇక్కడే చేస్తారు. ఒకటి ప్రైవేటు రంగానికి అందిన మొత్తం దేశీయ రుణం. రెండోది అందులో బ్యాంకులు ఇచ్చింది మాత్రమే. కోడ్ చూస్తే ఎఫ్‌ఎస్ అక్షరాలతో మొదలయ్యేది మొదటిది, ఎఫ్‌డీతో మొదలయ్యేది రెండోది. ఏది తీసుకున్నా పర్వాలేదు గానీ, ఒక దేశానికి ఒకటీ ఇంకో దేశానికి ఇంకోటీ తీసుకున్నారంటే మొత్తం పోలికే పోయినట్టు.

తేడా ఎంతుంటుందో తెలియాలంటే అమెరికాను చూడండి. మొత్తం రుణం జీడీపీకి రెండింతల దగ్గర్లో ఉంటుంది, బ్యాంకులది మాత్రం 50 శాతం చుట్టుపక్కలే. అంటే ఎఫ్‌డీ వరుస ఒక్కటే చూస్తే అమెరికా, ఇండియా ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు కనిపిస్తాయి! అక్కడ పెద్ద కంపెనీలు బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి డబ్బు తెచ్చుకుంటాయి, ఇళ్ల రుణాలు బ్యాంకు పుస్తకాల్లోంచి వేరే సంస్థల చేతికి వెళ్లిపోతాయి. మన దగ్గర బాండ్ల మార్కెట్ అంతగా ఎదగలేదు, బ్యాంకే పెద్ద దిక్కు. కాబట్టి బ్యాంకు శాతం తక్కువగా ఉంటే ఆ దేశంలో అప్పు పుట్టడం లేదని వెంటనే తేల్చేయకూడదు, అప్పు ఏ దారిన వస్తోందో కూడా చూడాలి.

చైనా విషయంలో ఇంకో మెలిక ఉంది. ప్రపంచ బ్యాంకే తన వివరణలో, కొన్ని దేశాల లెక్కల్లో ప్రభుత్వ రంగ సంస్థలకిచ్చిన రుణం కూడా ఇందులో కలిసి ఉంటుందని చెబుతుంది. చైనా బ్యాంకుల అప్పుల్లో పెద్ద వాటా ప్రభుత్వ కంపెనీలకే పోతుంది కాబట్టి అక్కడ "ప్రైవేటు" అన్న మాటను చెవిన వేసుకుని వదిలేయాల్సిందే. మనల్ని మనం మినహాయించుకోనక్కర్లేదు, రిజర్వు బ్యాంకు చెప్పే "వాణిజ్య రంగానికి బ్యాంకు రుణం" అన్నదాంట్లోనూ ప్రభుత్వ రంగ కంపెనీలు తీసుకున్న అప్పులుంటాయి.

పాకిస్తాన్ శాతం మనకంటే ఎంతో తక్కువ. అక్కడి బ్యాంకుల డబ్బు ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలోకే పోతుంది, ప్రైవేటు వాడి వంతు వచ్చేసరికి మిగిలేది కొంచెం. నవ్వుకోవాల్సిన పని లేదు, 1991కి ముందు మనదీ అదే బాపతు. అప్పట్లో డిపాజిట్లలో 38.5 శాతం ప్రభుత్వ బాండ్లు తదితరాల్లో పెట్టాలి, దానిమీద 15 శాతం రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాలి. వంద రూపాయల డిపాజిట్ వస్తే సగానికి పైగా ఇలా కట్టేస్తే ఇంక అప్పివ్వడానికి ఏముంటుంది? ఆ గొలుసులు వదులు చేయమన్నది, బ్యాంకుల సంస్కరణల కోసం ప్రభుత్వం వేసిన మైదవోలు నరసింహం కమిటీ. 1990 ప్రాంతంలో పాతిక శాతం దగ్గరున్న మన అంకె ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో రెట్టింపు అయిందంటే అందులో ఆ సంస్కరణల వాటా పెద్దదే.

మన లెక్క మనమే వేసుకుందాం

ప్రపంచ బ్యాంకు అంకెలు ఆలస్యంగా వస్తాయి. తాజా సంగతి కావాలంటే చేత్తో చేసుకోవడమే మేలు. లవం కోసం రిజర్వు బ్యాంకు ప్రతి శుక్రవారం ఇచ్చే వారపు గణాంకాల్లోకి వెళ్లి షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకుల పట్టికలో "బ్యాంకు రుణం" అన్న వరుస పట్టుకోండి. అందులో ఆహార రుణం అని చిన్న ముక్క విడిగా కనిపిస్తుంది, అది ధాన్యం సేకరణకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) లాంటి సంస్థలు తీసుకునేది, ప్రైవేటు కాదు. మొత్తంలో అది ఆవగింజంతే కాబట్టి తీసేసినా ఉంచేసినా శాతంలో తేడా కనిపించదు. హారం కోసం కేంద్ర గణాంక శాఖ మే నెలాఖరున ఇచ్చే జీడీపీ ప్రకటన చూడండి. ఇక్కడ ప్రస్తుత ధరల జీడీపీనే తీసుకోవాలి. వార్తల్లో వినిపించే "వృద్ధి 6.5 శాతం" అన్నది స్థిర ధరలది, దాన్ని ఇక్కడికి తెచ్చారంటే శాతం ఉబ్బిపోతుంది, ఎందుకంటే పైన ఉన్న అప్పు ఇవాళ్టి రూపాయల్లో ఉంటుంది, కింద జీడీపీ పాత రూపాయల్లో ఉంటుంది.

2011-12ను ఆధార సంవత్సరంగా పెట్టుకుని లెక్కేసిన జీడీపీ శ్రేణి ప్రకారం, లక్షల కోట్ల రూపాయల్లో, దగ్గరి అంకెకు సరిచేసి రాస్తే ఇలా వస్తుంది:

2020 మార్చి: అప్పు 103.7, జీడీపీ 201, శాతం 51.6
2021 మార్చి: అప్పు 109.5, జీడీపీ 198.5, శాతం 55.2
2022 మార్చి: అప్పు 118.9, జీడీపీ 236, శాతం 50.4
2023 మార్చి: అప్పు 136.8, జీడీపీ 269, శాతం 50.9
2024 మార్చి: అప్పు 164.3, జీడీపీ 301.2, శాతం 54.5
2025 మార్చి: అప్పు 182.4, జీడీపీ 330.7, శాతం 55.2

జీడీపీ అంకెలు తర్వాత సవరిస్తారు, ఆధార సంవత్సరం మారిస్తే వెనకటి ఏళ్లన్నీ కూడా మారిపోతాయి. కాబట్టి మీ షీట్‌లో ఏ శ్రేణి, ఏ తేదీన తీసుకున్నదో పక్కన రాసిపెట్టుకోండి. పాత శ్రేణి జీడీపీనీ కొత్త శ్రేణి జీడీపీనీ ఒకే గ్రాఫులో అతికిస్తే మధ్యలో లేని గుంట కనిపిస్తుంది, దానికి మనం కారణాలు కూడా కనిపెట్టేస్తాం.

ఎవరు కదిలారు, పైవాడా కిందివాడా?

ఇప్పుడు ఆ పట్టికలో మొదటి మూడు వరుసలు మళ్లీ చూడండి. ఈ విషయం మొత్తంలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. 2020-21లో శాతం 51.6 నుంచి 55.2కి ఎగిరింది. పైకి చూస్తే బ్యాంకులు అప్పులు కుమ్మరించినట్టుంది. నిజానికి ఆ ఏడాది అప్పు పెరిగింది 5.6 శాతమే, నీరసమైన ఏడాది. కోవిడ్ లాక్‌డౌన్‌తో హారం కుంగిపోయింది, దాంతో శాతం లేచింది. మరుసటి ఏడాది అప్పు ఇంకాస్త జోరుగా, 8.6 శాతం పెరిగింది, అయినా శాతం దాదాపు ఐదు పాయింట్లు పడిపోయింది. జీడీపీ ఒక్కసారిగా తేరుకుంది, ధరలు కూడా పెరిగాయి కాబట్టి ప్రస్తుత ధరల్లో 19 శాతం దాకా ఎగిరింది. అప్పు నెమ్మదించిన ఏడాది శాతం పెరిగింది, అప్పు పుంజుకున్న ఏడాది తగ్గింది. శాతం ఒక్కటే చూసి వార్త రాసినవాడు రెండేళ్లూ తలకిందులుగా రాసి ఉంటాడు.

సూత్రం ఒక్క ముక్కలో: అప్పు పెరిగిన వేగం ప్రస్తుత ధరల జీడీపీ వేగం కంటే ఎక్కువుంటే శాతం పెరుగుతుంది, తక్కువుంటే తగ్గుతుంది. 2024-25లో అప్పు 11 శాతం, జీడీపీ 9.8 శాతం, అందుకే శాతం కొంచెమే జరిగింది. ఎప్పుడైనా శాతం కదిలిందని వింటే ఈ రెండు వేగాలూ అడగండి. చెప్పలేకపోతే ఆ మనిషి గ్రాఫు చూసి మాట్లాడుతున్నాడని అర్థం.

హారం చేసే మాయకు అన్నిటికంటే ముచ్చటైన ఉదాహరణ ఐర్లండ్. 2015లో ఆ దేశ జీడీపీ ఒకే ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. పెద్ద బహుళజాతి కంపెనీలు పన్ను కోసం తమ పేటెంట్ల లాంటి ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చుకున్నాయి, అంతే. ఐరిష్ కుటుంబాలు ఆ ఏడాది ఇంటి అప్పులన్నీ ఒక్కసారిగా కట్టేసింది లేదు గానీ శాతం మాత్రం దభాలున పడింది. చివరికి ఆ దేశం తన అసలు ఆర్థిక పరిమాణం తెలుసుకోవడానికి వేరే కొలత తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ఇక లవం కూడా తక్కువది కాదు. 2023-24లో మన శాతం 50.9 నుంచి 54.5కి పోయింది. 2023 జూలై 1న హెచ్‌డీఎఫ్‌సీ అనే హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైంది. అంతకుముందు రోజు వరకూ ఆ ఇళ్ల రుణాలు బ్యాంకు అప్పు కింద లెక్కలో లేవు, తెల్లారేసరికి అయిపోయాయి. ఎవరి ఈఎంఐ మారలేదు, ఒక్క కొత్త ఇల్లూ లేవలేదు, అయినా ఆ పెరుగుదలలో దాదాపు సగం దీని చలవే. అందుకే రిజర్వు బ్యాంకు ఆ ఏడాది అంకెలను విలీనంతో కలిపి ఒకటి, విడదీసి ఒకటి ఇచ్చేది. మీరు విడదీసిందే తీసుకోండి.

రైటాఫ్ కూడా లవంలోంచే పోతుంది. మొండి బకాయిని బ్యాంకు తన పద్దుల్లోంచి తీసేస్తే శాతం తగ్గుతుంది, కట్టినవాడు ఒక్కడూ లేకపోయినా. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు ఇలా తీసేసింది 16.35 లక్షల కోట్లని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పద్దుల్లోంచి తీసేసినా వసూలు హక్కు ఉంటుంది, అది వేరే చర్చ. రైతు రుణమాఫీ ఇంకో రకం. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, మళ్లీ 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా చేసిన మాఫీలోనూ ప్రభుత్వం బ్యాంకుకు చెల్లిస్తుంది, రైతు ఖాతాలో బకాయి పోతుంది. ప్రైవేటు అప్పు తగ్గిందని శాతం చెబుతుంది, ఆ భారం ప్రభుత్వం నెత్తిన చేరిందన్న సంగతి ఈ శాతానికి తెలీదు.

ఎంత ఉందన్నది సరే, ఎవరికి పోయింది?

50 శాతం ఉన్న రెండు కాలాలు ఒకేలా ఉండవు. 2013 ప్రాంతంలో మన బ్యాంకుల అప్పుల్లో నలభై శాతానికి పైగా పరిశ్రమలది. ఇప్పుడు వాటి వాటా నాలుగో వంతుకు లోపే, ఇళ్లు, కార్లు, బంగారం, క్రెడిట్ కార్డులు కలిపిన వ్యక్తిగత రుణాలు మూడో వంతు దాకా వచ్చాయి. రిజర్వు బ్యాంకు ప్రతి నెలా రంగాలవారీగా ఇచ్చే పట్టికలో ఇదంతా ఉంటుంది. నన్నడిగితే శాతం కంటే ముందు ఈ పట్టికే తెరవాలి. ఫ్యాక్టరీకి ఇచ్చిన అప్పు పాడైతే ఒక్కటే పెద్ద దెబ్బ, పర్సనల్ లోన్లు పాడైతే లక్షల ఇళ్లలో చిన్న చిన్న టెన్షన్లు.

2004 తర్వాత మూడేళ్లు మన దగ్గర బ్యాంకు అప్పు ఏడాదికి 30 శాతం లెక్కన పెరిగింది. రోడ్లు, విద్యుత్ ప్లాంట్లు, ఉక్కు అన్నీ దాంట్లోవే. శాతం గ్రాఫు ఎంతో అందంగా ఎక్కింది, అభివృద్ధి అంటే అదేనని అందరూ మురిశారు. పదేళ్లు తిరిగేసరికి, 2018 మార్చికి, మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపిన మొదటి పన్నెండు పెద్ద ఖాతాల్లో మన తెలుగు నేల నుంచి ఎదిగిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడా ఉంది, మరుసటి ఏడాదికి అది లిక్విడేషన్‌కే, అంటే ఆస్తులమ్మి మూసేయడానికే, పోయింది. 2025 మార్చికి ఆ 11 కాస్తా 2.3కి దిగింది. కాబట్టి శాతం పక్కన మొండి బకాయిల వరుస కూడా ఒకటి పెట్టుకోండి, అయితే ఈ రెండోది ఎప్పుడూ ఆలస్యంగా నిజం చెబుతుందని గుర్తుంచుకోండి. అప్పు జోరుగా పెరిగేటప్పుడు మొండి బకాయిల శాతం తక్కువగానే కనబడుతుంది, కొత్త అప్పు పాడవడానికి కొన్నేళ్లు పడుతుంది కదా.

ఎంతుంటే ఎక్కువ?

దీనికి ఒక్క అంకె లేదు. 2012లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రం ప్రైవేటు రుణం జీడీపీలో సుమారు 100 శాతం దాటాక వృద్ధికి మేలు కంటే చేటు ఎక్కువ కావొచ్చంది. దాన్ని లక్ష్మణరేఖలా పట్టుకుని కూర్చోకండి. ఎత్తు కంటే వేగం ఎక్కువ భయపెట్టాలి. స్పెయిన్‌లో 2008 సంక్షోభానికి ముందు పదేళ్లలో శాతం రెట్టింపు అయింది, అదంతా ఇళ్ల నిర్మాణం. థాయ్‌లాండ్ కూడా 1997లో కుప్పకూలే ముందు ఇలాగే పరిగెత్తింది.

నియంత్రణ సంస్థలు కూడా ఉత్త ఎత్తును చూడవు. దేశం తన దీర్ఘకాలపు ధోరణి ప్రకారం ఎక్కడుండాలి, ఇప్పుడెక్కడుంది, ఈ రెంటి మధ్య ఖాళీ ఎంత అని చూస్తారు. బ్యాంకుల కోసం అంతర్జాతీయంగా పెట్టుకున్న బాసెల్ 3 నిబంధనల్లో ఆ ఖాళీ 2 పాయింట్లు దాటితే బ్యాంకులు అదనపు మూలధనం పక్కన పెట్టుకోవడం మొదలవ్వాలి, 10కి చేరితే గరిష్ఠంగా 2.5 శాతం. మన రిజర్వు బ్యాంకు 2015లో ఈ ఏర్పాటు తెచ్చినప్పుడు ఆ గీతలను 3కీ 15కీ పెట్టుకుంది. మన లాంటి దేశంలో బ్యాంకు ముఖమే చూడనివాళ్లు కొత్తగా అప్పు తీసుకోవడం వల్ల కూడా శాతం పెరుగుతుంది కాబట్టి కాస్త వెసులుబాటు న్యాయమే అనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని చేసుకోవడానికి అంత గణితం అక్కర్లేదు, గత పదేళ్ల సగటు వేసి ఇప్పటి శాతం దానికి ఎంత పైనుందో చూడండి, మూడేళ్లలో ఎన్ని పాయింట్లు కదిలిందో చూడండి. ముతక పద్ధతే గానీ మోసం చేయదు.

మన రాష్ట్రాలకు వచ్చేసరికి

జాతీయ సగటు మన దగ్గర పెద్దగా పనికిరాదు. దేశం మొత్తంమీద వంద రూపాయల డిపాజిట్‌కు బ్యాంకులు ఇస్తున్న అప్పు 80 రూపాయల దగ్గరుంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అది వంద దాటుతుంది. అంటే బయటి డిపాజిట్లు కూడా ఇక్కడ అప్పుగా మారుతున్నాయి. బీహార్‌లో దీనికి తిరగబడిన కథ. రాష్ట్ర జీడీపీతో శాతం కూడా వేసుకోవచ్చు, కానీ అప్పు మంజూరైన చోటునా, ఖర్చయిన చోటునా అని చూసుకోవాలి. మంజూరైన చోటు తీసుకుంటే ముంబయి ఆఫీసుల్లో సంతకమైనవన్నీ మహారాష్ట్ర ఖాతాలో పడతాయి, ఆ డబ్బుతో ప్లాంటు మరో రాష్ట్రంలో లేచినా సరే.

పైగా బ్యాంకు అప్పు మన అప్పుల్లో ఒక ముక్కే. చిట్టీలు, తాకట్టు దుకాణాలు, వారం ఫైనాన్సులు, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీలు ఈ శాతంలో ఎక్కడా లేవు. 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం, తెలంగాణలో 92 శాతం దాకా అప్పుల్లో ఉన్నట్టు తేలింది, దేశం సగటు 50. ఏపీలో ఒక్కో వ్యవసాయ కుటుంబానికి సగటున 2.45 లక్షలు, దేశం సగటు 74 వేలు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చే నాటికి దేశం శాతం 50 దగ్గరే, ఎవరికీ ప్రమాదం కనిపించనంత మామూలుగా ఉంది. ఒకే మహిళ మూడు నాలుగు సంస్థలకు వారం వారం కడుతోందన్న సంగతి ఢిల్లీలో వేసే భాగహారంలో ఎలా కనిపిస్తుంది?

అందుకని జిల్లా దాకా వెళ్లండి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల నోట్సు బహిరంగంగానే ఉంటాయి, ఏపీకి యూనియన్ బ్యాంకు, తెలంగాణకు స్టేట్ బ్యాంకు వాటిని నడుపుతాయి. వందల పేజీల పీడీఎఫ్ చూసి బెదరకండి, జిల్లాలవారీ డిపాజిట్లు, అప్పులు, వాటి నిష్పత్తి ఉన్న పట్టిక వెనక అనుబంధాల్లో ఉంటుంది. ముందు మీ జిల్లా వరుస చూసుకుని, తర్వాత పంట రుణాల పేజీలో కొత్తగా ఇచ్చింది ఎంత, పాతదాన్నే రెన్యువల్ చేసింది ఎంత అని విడిగా ఇచ్చారేమో వెతకండి. ఇవ్వకపోతే ఆ పంట రుణాల పెరుగుదలను మీ లెక్కలో కలపొద్దు, రెన్యువల్ అంటే పాత బకాయే గానీ కొత్త అప్పు కాదు.